ఒకే పలక, ఎన్నో రంగులు: కృష్ణారెడ్డి ప్రయాణాలు ఎక్కడికి చేరాయి?

పలక మీద చెక్కిన బొమ్మలను కాగితం మీద అచ్చు తీసే 'ప్రింట్ మేకింగ్' కళాకారుడు కృష్ణారెడ్డి గురించి మన దగ్గర నాలుగు మాటలు రాస్తే అందులో మూడు ఆయన తిరిగిన దేశాల గురించే ఉంటాయి. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు, శాంతినికేతన్‌లో చదివారు, లండన్ వెళ్లారు, పారిస్‌లో పాతికేళ్లకు దగ్గరగా ఉన్నారు, 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. మధ్యలో 1972లో పద్మశ్రీ వచ్చింది. ఇంతకీ ఆయన చేసిందేమిటి అంటే, 'ప్రింట్ మేకింగ్‌లో ప్రపంచ ప్రసిద్ధుడు' అన్న ఒక్క ముక్కతో సరిపెడతాం. ఇది చదివినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. ఆ ప్రయాణాలన్నీ చివరికి ఒక లోహపు పలక మీదికే వచ్చి చేరాయి. ఆ పలక దగ్గర కాసేపు ఆగకపోతే ఆయన మనకు అర్థం కారు.

ఆగి చూద్దాం. లోహపు పలకను గీసి, యాసిడ్‌తో తొలిచి, ఆ గాడుల్లో సిరా నింపి, తడి కాగితం మీద ప్రెస్సులో అచ్చు తీయడం యూరప్‌లో శతాబ్దాల నాటి విద్య. నలుపు తెలుపుల్లో దానికి తిరుగులేదు. రంగులు కావాలంటేనే చిక్కు. మామూలుగా ఒక్కో రంగుకు ఒక్కో పలక చెయ్యాలి, ఒకే కాగితాన్ని ఒకదాని తర్వాత ఒకటిగా అన్నిటి మీదా అచ్చు వెయ్యాలి, ప్రతిసారీ గీతకు గీత సరిగ్గా కూర్చోవాలి. తడిసిన కాగితం సాగుతుంది కాబట్టి వెంట్రుకవాసి తేడా వచ్చినా బొమ్మ చెదిరిపోతుంది. 1950లలో పారిస్‌లోని అటెలియే 17 అనే వర్క్‌షాప్‌లో ఈ చిక్కు మీద పట్టుదలగా పనిచేసిన వాళ్లలో ముఖ్యులు కృష్ణారెడ్డి, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ. వర్క్‌షాప్ స్థాపకుడు స్టాన్లీ విలియం హేటర్ వాళ్లకు తోడు.

వాళ్లు తేల్చింది వినడానికి తేలికే. పలకను ఒకే మట్టంలో ఉంచకుండా పైన ఒకటి, మధ్యలో ఒకటి, అడుగున ఒకటిగా వేర్వేరు లోతుల్లో తొలుస్తారు. సిరాల్లో అవిసె నూనె పాళ్లు మార్చి ఒకదాన్ని పలచగా, ఇంకొకదాన్ని చిక్కగా కలుపుతారు. గట్టి రోలరు పై మట్టాన్ని మాత్రమే తాకుతుంది. మెత్తటి రోలరు లోపలికి దిగి కింది మట్టాలకూ రంగు పూస్తుంది. నూనె ఎక్కువున్న పలచటి సిరా ముందు పడితే, తర్వాత వచ్చే చిక్కటి సిరా దాని మీద నిలవదు. చేతికి నూనె రాసుకుంటే పనసజిగురు అంటుకోనట్టే. దాంతో రంగులు ఒకదానితో ఒకటి కలిసి బురద కాకుండా పక్కపక్కనే నిలుస్తాయి. పలక ఒక్కటే, ప్రెస్సులో వెళ్లేది ఒక్కసారే. కాగితం మీద మాత్రం అన్ని రంగులూ ఉంటాయి. దీన్నే విస్కాసిటీ (చిక్కదనం) ప్రింటింగ్ అంటారు. ఇవాళ దేశదేశాల ప్రింట్ మేకింగ్ స్టూడియోల్లో విద్యార్థులు దీన్ని పాఠంగా నేర్చుకుంటున్నారు.

ఈ సంగతి ఒక చిత్రకారుడి కంటే శిల్పికే ముందు తట్టడంలో ఆశ్చర్యం లేదు. కృష్ణారెడ్డి ప్రయాణాలకు అసలు విలువ ఇక్కడ తెలుస్తుంది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో బడి చదువు. శాంతినికేతన్ కళాభవన్‌లో నందలాల్ బోస్ శిష్యరికం, చెట్టునూ పురుగునూ నీటినీ గంటల తరబడి చూసి గీయమనే చదువు అది. రాంకింకర్ బైజ్ సిమెంటుతోనూ కంకరతోనూ నిలువెత్తు బొమ్మలు నిలబెడుతున్న చోటు కూడా అదే. తర్వాత మద్రాసు కళాక్షేత్రలో చిత్రకళా విభాగం బాధ్యత. అక్కడి నుంచి లండన్ స్లేడ్ స్కూల్, హెన్రీ మూర్ దగ్గర శిల్పం. పారిస్‌లో ఒసిప్ జాడ్కిన్ దగ్గర మళ్లీ శిల్పం, మిలాన్‌లో మరీనో మరీనీ దగ్గర మళ్లీ శిల్పమే. మద్రాసులో ఒక విభాగాన్ని నడిపి వచ్చిన మనిషి పరాయి దేశంలో పదేపదే విద్యార్థిగా కూర్చున్నాడు. ఏ ఊళ్లోనూ తన పేరుకు తగ్గ కుర్చీ కోసం చూసుకోలేదు. రాయిలోనూ మట్టిలోనూ లోతు ఎలా పలుకుతుందో అన్ని చేతుల దగ్గరా నేర్చుకున్నవాడు కాబట్టే, రాగి, జింకు పలక ఆయనకు గీయాల్సిన తలంలా కాక చెక్కాల్సిన శిల్పంలా కనిపించింది. ఆ పలకలను పక్క వెలుతురులో పెడితే వాటికవే సన్నటి కొండలూ లోయలూ ఉన్న శిల్పాలు.

1963లో చేసిన 'వర్ల్‌పూల్' చూడండి. సుడిగుండం అనగానే గుండ్రంగా తిరిగే నాలుగు గీతలు ఆశిస్తాం. అక్కడ ఉండేది వలలా అల్లుకున్న వేల గీతలు, గళ్లు. నడిమధ్యకు చేరే కొద్దీ వాటి వేగం పెరుగుతుంది. దూరం నుంచి ఒకే నీటి రంగు అనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే అది ఒక రంగు కాదని, సన్నటి చుక్కలుగా విడివిడిగా ఉన్న రంగులు మన కంట్లో కలుస్తున్నాయని తెలుస్తుంది. పలచటి సిరా, చిక్కటి సిరా ఒకదాన్నొకటి తోసుకున్న చోటల్లా ఆ మెరుపు పుట్టింది. నీటి కదలికను బొమ్మగా గీసిన వాళ్లు చాలామంది ఉన్నారు. ఆయన పలక మీద సిరాల మధ్యే ఆ కదలికను పుట్టించారు. ఆయన పనిలో పైచేయి 'వర్ల్‌పూల్'దే అని నా అభిప్రాయం.

ఎక్కువమంది చెప్పుకునేది 1980లలో వచ్చిన 'గ్రేట్ క్లౌన్'. కూతురిని సర్కస్‌కు తీసుకెళ్లినప్పుడు పుట్టిన ఆలోచన అది. విదూషకుడి చుట్టూ వలయాలు, వాటిని కోస్తూ అన్ని వైపులకూ పరుచుకున్న గీతలు. ఒకే పలక నుంచి ఆయన దాన్ని ఎన్నో రంగుల కూర్పుల్లో అచ్చు తీశారు. ఒకదాంట్లో విదూషకుడు వెలుగులో నిలబడితే, ఇంకొకదాంట్లో చీకట్లో కూరుకుపోతున్నట్టుంటాడు. గీత మారలేదు, సిరాల చిక్కదనం, రోలర్ల వరుస మారాయంతే. ప్రింట్ అంటే నకలు అని తీసిపారేసే వాళ్లకు ఈ వరుసను పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు.

1968 పారిస్ విద్యార్థి ఉద్యమం నాటికి ఆయన హేటర్‌తో పాటు అటెలియే 17కు సహ నిర్దేశకులు. ఆ ఏడు చేసిన 'డిమాన్‌స్ట్రేటర్స్'లో వీధిలోకి వచ్చిన మనుషులు కనిపిస్తారు. ప్రకృతి చిత్రాలు చేసుకునే ప్రశాంత మూర్తి అని ఆయన్ను పక్కన పెట్టేవాళ్లు ఈ పనిని మర్చిపోకూడదు.

ఇప్పుడు పేరు సంగతి. విస్కాసిటీ ప్రింటింగ్‌ను హేటర్ ఖాతాలో వేసేసే అలవాటు చాలాచోట్ల ఉంది. హేటర్ గొప్ప గురువు, ఆయన తలుపు తెరిచి ఉంచకపోతే ఈ ప్రయోగాలకు చోటే లేదు. పికాసో, మిరో, జాకొమెట్టి వంటి వాళ్లు పనిచేసిన ఆ వర్క్‌షాప్‌లో ఒకరి కిటుకు ఇంకొకరికి చెప్పడమే పద్ధతి. కాబట్టి ఇది ఒక్కరి సొత్తు అనడం తప్పు. అయితే నలుగురూ కలిసి చేసిన పనికి యూరోపియన్ పేరు ఒక్కటే మిగిలి, నందనూరు నుంచి, బొంబాయి నుంచి వచ్చిన చేతులు ఫుట్‌నోట్లలోకి జారిపోవడం ఇంకా పెద్ద తప్పు. 2016లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హష్మీ పనులను ఒకే ప్రదర్శనలో పెట్టింది. అలీగఢ్‌లో పుట్టి బ్యాంకాక్, పారిస్, టోక్యో, న్యూయార్క్ తిరిగిన జరీనా 1960లలో ఆ వర్క్‌షాప్‌లోనే పనిచేశారు. ఆమె నలుపు గీతలకూ ఆయన రంగుల సుడులకూ పోలికే లేదు. తన శైలిని ఎవరి మీదా రుద్దకుండా పనితనం మాత్రం అందరికీ పంచిన చోటుకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

1976లో న్యూయార్క్ చేరాక కూడా ఆయన చేసిందదే. న్యూయార్క్ యూనివర్సిటీలో బోధించారు. 1988లో వచ్చిన పుస్తకంలో పలకలు, సిరాలు, రోలర్ల పని అంతా విప్పి చెప్పారు. జీవితమంతా కూడబెట్టిన కిటుకులను ఎవరైనా చేసి చూసుకునేలా అచ్చులో పెట్టేశారు.

మరి మన సంగతి? హైదరాబాద్‌లో ఎచింగ్‌కు, అంటే పలకను యాసిడ్‌తో తొలిచి అచ్చు తీసే పనికి, మంచి పరంపర ఉంది. లక్ష్మాగౌడ్ లోహపు పలకల మీద గీసిన పల్లె మనుషులు ఆ పరంపరలో మేటి. సెంట్రల్ యూనివర్సిటీలో ప్రింట్ మేకింగ్ చెబుతారు. కానీ చదువు ముగిశాక ఆ పిల్లలు ఎక్కడికి వెళ్లాలి? కాన్వాసు ఇంట్లో వేసుకోవచ్చు. ఎచింగ్ ప్రెస్సు బరువైన యంత్రం, యాసిడ్ తొట్టికి గాలి ఆడే గది కావాలి, పెద్ద రోలర్లు ఒక్కరు కొనలేరు. పారిస్‌లో కృష్ణారెడ్డి నిలదొక్కుకున్నది సొంత స్టూడియోతో కాదు, నలుగురూ వాడుకునే ప్రెస్సుతో. తిరుపతిలోనో విశాఖలోనో వరంగల్‌లోనో నెలకు ఇంత అని కట్టి ఏ కళాకారుడైనా పనిచేసుకునే ప్రింట్ వర్క్‌షాప్ పెట్టడానికి రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలకు ఉన్న అడ్డేమిటి? విగ్రహాలకు పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు.

రెండో పని ఆయన ప్రింట్లను ఇక్కడికి తేవడం. ఒక్కో పలక నుంచి చాలా ప్రతులు ఉంటాయి గనక, పెయింటింగుల కంటే వాటిని సేకరించడం సులువు. పది ప్రింట్లు చాలు. చిత్తూరు పిల్లలు 'వర్ల్‌పూల్' ముందు నిలబడేందుకు న్యూయార్క్ దాకా వెళ్లాల్సిన పని ఉండకూడదు. వాటి పక్కన ఒక చెక్కిన పలకను కూడా అద్దం లేకుండా, చేత్తో తడిమి చూసేలా పెట్టాలి. అసలుది దొరక్కపోతే విద్యార్థుల చేత చేయించిన నమూనా అయినా సరే.