ఆ బ్రాందీ కథ ఇక ఆపండి బాబూ

మళ్ళీ అదే ఫార్వర్డ్. "గేముల మధ్య బ్రాందీ తాగుతూ వింబుల్డన్ గెలిచిన అమ్మాయి" అని. మా ఫ్యామిలీ గ్రూపులోకి ఇది రావడం మూడోసారి, కింద వరసగా నవ్వే బొమ్మలు. ఆ అమ్మాయి ఫ్రెంచ్ టెన్నిస్ ఛాంపియన్ సుజాన్ లెంగ్లెన్. ఆమె పేరెత్తితే జనానికి తెలిసినవి మూడే. బ్రాందీ, పొట్టి గౌను, రాణిగారిని కూర్చోబెట్టిన పొగరు. అవి జరగలేదని నేననను. కానీ ఆవిడ కడుపుమండి చెప్పిన అసలు మాట ఒకటుంది. దాన్ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

ముందు బ్రాందీ సంగతి తేల్చేద్దాం. 1919 వింబుల్డన్ ఫైనల్. అటువైపు డొరోథియా లాంబర్ట్ ఛాంబర్స్, నలభై ఏళ్ళ మనిషి, అప్పటికే 7 సార్లు ఛాంపియన్. ఇటువైపు ఇరవై ఏళ్ళ ఫ్రెంచ్ పిల్ల, పచ్చిక కోర్టే ఆమెకి కొత్త. అయిదో జార్జి రాజు, మేరీ రాణి చూస్తున్నారు. స్కోరు 10–8, 4–6, 9–7. మొత్తం 44 గేములు. ఆఖరి సెట్లో ఛాంబర్స్‌కి రెండు మ్యాచ్ పాయింట్లు వచ్చాయి, రెండూ లెంగ్లెన్ కాచుకుంది. ఈ మ్యాచ్ గురించి ఇంతుంటే మనవాళ్ళకి కనిపించింది మధ్యలో వేసిన ఆ గుక్క ఒక్కటే. ఇక గౌను గురించి అంటారా, 2005లో మన హైదరాబాద్ పిల్ల సానియా స్కర్టు మీద టీవీల్లో జరిగిన రచ్చ చూసినవాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేముంది.

ఆ ఆట ఊరికే రాలేదు. తండ్రి చార్లెస్ పెద్ద ఆటగాడేం కాదు, కానీ మంచి ఆటగాళ్ళని గమనించి వాళ్ళ ఆట కూతురికి ఎక్కించాడు. మగవాళ్ళలా ఆడటం నేర్పాడు. కోర్టులో రుమాలు పరిచి బంతి దాని మీదే పడాలనేవాడు. పడటం మొదలయ్యాక దాన్ని మడిచి ఇంకా చిన్నది చేసేవాడు. అవతల పిల్లకి ఉబ్బసం. తప్పు కొడితే పదిమందిలో తిట్టేవాడు. ఆ రుమాలు తలుచుకుంటే నాకు ఆయన మీద గౌరవమూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

ఫలితం? 1914లో పదిహేనేళ్ళు నిండే రోజుల్లోనే వరల్డ్ హార్డ్ కోర్ట్ టైటిల్. యుద్ధం అయిపోయాక వింబుల్డన్ సింగిల్స్ 6 సార్లు, ఫ్రెంచ్ సింగిల్స్ 6 సార్లు, 1920 ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో సింగిల్స్‌కీ మిక్స్‌డ్ డబుల్స్‌కీ బంగారం. 1925 వింబుల్డన్ సింగిల్స్ మొత్తంలో ఆమె పోగొట్టుకున్నవి 5 గేములు. సెట్లనుకునేరు, గేములే!

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. ఆమెను చూడటానికి వచ్చే జనం పాత మైదానంలో పట్టేవారు కాదు. 1922లో వింబుల్డన్ పెద్ద చోటికి మారడానికి ఆమె కూడా ఒక ముఖ్య కారణం. 1926 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని కాన్స్ ఊళ్ళో అమెరికా అమ్మాయి హెలెన్ విల్స్‌తో మ్యాచ్ పెడితే టికెట్లు దొరకనివాళ్ళు చెట్లెక్కారు, ఇళ్ళ కప్పులెక్కారు. మొదటి సెట్ 6–3. రెండో సెట్లో మ్యాచ్ పాయింట్ దగ్గర విల్స్ కొట్టిన బంతికి "అవుట్" అని కేక వినబడింది. అయిపోయిందనుకుని చేతులు కలిపేశారు, జనం కోర్టులోకి వచ్చేశారు. అప్పుడు లైన్ దగ్గరున్న పెద్దమనిషి వచ్చి, ఆ కేక వేసింది నేను కాదండీ, బంతి లోపలే పడింది అన్నాడు. ఒక్కసారి ఊహించుకోండి ఆ టెన్షన్! గెలిచేశానని ఊపిరి పీల్చుకున్న మనిషి మళ్ళీ రాకెట్ పట్టుకుని వెళ్ళి, సెట్ 6–6 అయ్యాక, 8–6తో ముగించింది.

ఆ టికెట్ల డబ్బులో ఆడినవాళ్ళకి రావలసిందేమీ లేదు. అమెచ్యూర్ రూలు అది. ఆట మీద డబ్బు తీసుకుంటే పెద్ద టోర్నమెంట్లకి పనికిరావు. ఇంట్లో ఆస్తి ఉన్నవాడికి అదేం కష్టం? ఎంట్రీ ఫీజు మాత్రం ఆడేవాళ్ళే కట్టుకోవాలి. వండి వడ్డించిన మనిషికే విస్తరి లేకపోగా, చేతి చమురు కూడా వదిలేదన్నమాట. నేను కాలేజీ రోజుల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడాను. ఫైనల్‌కి టికెట్ పెట్టి మరీ అమ్మారు, గెలిచిన మాకు స్టీలు బిందె చేతిలో పెట్టి, బస్సు చార్జీలు మీవే అన్నారు. బిందె ఇప్పటికీ మా అమ్మ దగ్గరుంది. అందుకేనేమో ఈ విషయం నాకు ఇంతగా తగులుతుంది.

అదే 1926లో వింబుల్డన్‌లో ఒకరోజు ఆమె మ్యాచ్ టైమ్ మార్చారు, ఆ కబురు ఆమెకి సరిగ్గా అందలేదు. ఆలస్యంగా వచ్చింది. మేరీ రాణి ఎదురుచూస్తూ కూర్చుంది. కమిటీ వాళ్ళు నిలదీశారు, పత్రికలు ఏకిపారేశాయి, జనం వెక్కిరించారు. చివరికి టోర్నమెంటే వదిలేసింది. ఆ వేసవిలోనే అమెరికన్ ప్రమోటర్ సి. సి. పైల్ ఇస్తానన్న 50,000 డాలర్లకి సంతకం పెట్టి ప్రొఫెషనల్ అయిపోయింది. మేరీ బ్రౌన్‌తో ఊరూరా 38 మ్యాచ్‌లు ఆడితే 38 గెలిచింది.

అప్పుడు ఆమె అన్నదాని సారాంశం ఇది: పన్నెండేళ్ళుగా ఛాంపియన్‌ని, టెన్నిస్‌కి లక్షల ఫ్రాంకులు సంపాదించిపెట్టాను, అలా సంపాదించిపెట్టడానికి ఎంట్రీ ఫీజు కూడా నేనే కట్టాను. నాకొచ్చిన విద్య ఇదొక్కటే, దీంతో బతక్కుండా వేరే పని వెతుక్కోమంటారా? ఇందులో తప్పేముందో ఎవరైనా చెప్పండి. వింబుల్డన్ మాత్రం ఆమెకిచ్చిన గౌరవ సభ్యత్వాన్ని వెనక్కి తీసేసుకుంది.

ఆమె దేవతేం కాదు. 1921లో అమెరికాలో మోలా మల్లరీ చేతిలో మొదటి సెట్ 6–2తో పోగానే, దగ్గు వస్తోందని రెండో సెట్ మొదట్లోనే వెళ్ళిపోయింది. ఒంట్లో బాగాలేదన్నది నిజమే కావచ్చు, అయినా నాకు అది మింగుడుపడదు. మరుసటి ఏడాది వింబుల్డన్ ఫైనల్లో అదే మల్లరీని 26 నిమిషాల్లో 6–2, 6–0తో పంపించిందనుకోండి.

1938 జులైలో రక్తానికి సంబంధించిన జబ్బుతో పోయింది. ముప్పై తొమ్మిదేళ్ళు. ప్రొఫెషనల్స్‌ని పెద్ద టోర్నమెంట్లలోకి రానిచ్చింది 1968లో. ఇప్పుడు ఫ్రెంచ్ ఓపెన్ జరిగే రోలాండ్ గారోస్‌లో రెండో పెద్ద కోర్టుకి ఆమె పేరు, మహిళల సింగిల్స్ కప్పుకీ ఆమె పేరే. ఆ కప్పు ఎత్తుకున్న అమ్మాయికి ఇప్పుడు చెక్కు కూడా ఇస్తున్నారు.

ఇదంతా గ్రూపులో పెట్టాను. మా బాబాయి చదివి, "ఇంతకీ ఏ బ్రాండు తాగేదమ్మా?" అని అడిగాడు.