బ్రాంచి క్యాంపస్ చదువుల గురించి మన ఊరి తల్లిదండ్రులకు ఏం చెప్పాలి?

తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి మనలో చాలామందికి వచ్చే ఫోన్లలో ఈమధ్య ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. పిల్లను ఆస్ట్రేలియాకో ఇంగ్లండుకో పంపే స్తోమత లేదని, అయితే అక్కడి విశ్వవిద్యాలయమే మలేషియాలోనో దుబాయిలోనో పెట్టిన క్యాంపస్‌లో తక్కువ ఖర్చుతో అదే డిగ్రీ వస్తుందని కన్సల్టెన్సీవాళ్లు చెబుతున్నారని, నమ్మి పంపవచ్చునా అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. పంపవచ్చుననే నేను చెబుతున్నాను. మధ్యతరగతి కుటుంబానికి అందే విదేశీ చదువుల్లో ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించడం లేదు. కాకపోతే ఆ క్యాంపస్ ఏ దేశంలో ఉన్నదో ఆ దేశాన్ని కోరుకునే పంపాలి. మలేషియాలో చేరితే నాలుగేళ్ల తరువాత మెల్‌బోర్న్‌లో తేలవచ్చునన్న లెక్కతో పంపిన కుటుంబం చివరకు అప్పుతో మిగిలిపోయే ప్రమాదం ఉంది. ఆ తేడాను వాళ్లకు విడమరిచి చెప్పవలసినవాళ్లం బయటి దేశాల్లో ఉన్న మనమే.

ఈ ఏర్పాటు నిన్న మొన్న మొదలైనది కాదు. ఆస్ట్రేలియాకు చెందిన వొలాంగాంగ్ విశ్వవిద్యాలయం 1993లోనే దుబాయిలో అడుగుపెట్టింది. మలేషియాలో తొలి విదేశీ విశ్వవిద్యాలయ క్యాంపస్‌ను ఆస్ట్రేలియాకే చెందిన మోనాష్ 1998లో ప్రారంభించగా, మరుసటి ఏడాది సారవాక్ రాష్ట్రంలోని మిరీలో ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయమే అయిన కర్టిన్, 2000లో కౌలాలంపూర్‌లో బ్రిటన్‌కు చెందిన నాటింగ్‌హామ్ వచ్చాయి. నాటింగ్‌హామ్ 2005లో నగరానికి దూరంగా సెమినీలోని సొంత ప్రాంగణానికి మారింది. అదే ఏడాది దుబాయిలో బ్రిటిష్ విశ్వవిద్యాలయాలు హెరియట్ వాట్, మిడిల్‌సెక్స్ మొదలయ్యాయి. మన మద్రాసు ఐఐటీ కూడా 2023లో జాంజిబార్‌లో క్యాంపస్ తెరిచింది. కాబట్టి ఇవేవో ఊరూపేరూ లేని కాలేజీలన్న అనుమానం అక్కరలేదు. పాఠ్యక్రమమూ పరీక్షల ప్రమాణమూ మాతృ విశ్వవిద్యాలయానివే, పట్టా మీద ఉండేదీ ఆ పేరే.

ఖర్చు విషయంలో కన్సల్టెన్సీలు చెప్పేదాంట్లో నిజం ఉంది. మలేషియా క్యాంపస్‌లలో ఫీజు సాధారణంగా మాతృదేశంలోని ఫీజులో సగానికి అటూ ఇటూ ఉంటుంది, కొన్ని కోర్సులకు అంతకన్నా తక్కువే. దానికి మించి మిగిలేది బతుకు ఖర్చులో. ఆస్ట్రేలియా విద్యార్థి వీసాకు దరఖాస్తు రుసుమే 2025 జులై నుంచి 2,000 ఆస్ట్రేలియా డాలర్లు, వీసా రాకపోయినా అది తిరిగి రాదు. ఫీజు కాక ఏడాది జీవన వ్యయానికి 29,710 డాలర్లు ఉన్నట్టు చూపాలి. బ్రిటన్ వెళ్లే విద్యార్థి వైద్య సేవల సర్‌చార్జిగా ఏడాదికి 776 పౌండ్లు ముందే కట్టాలి. మలేషియాకు ఈ స్థాయి భారం లేదు. మద్రాసు నుంచి కౌలాలంపూర్‌కు విమానంలో నాలుగు గంటల ప్రయాణం. తిరుపతిలో తెల్లవారుజామున బయలుదేరిన తల్లిదండ్రులు ఆ రాత్రికి పిల్ల హాస్టల్ దగ్గర ఉండగలరు. దుబాయి సంగతి వేరు. అక్కడ కొన్ని క్యాంపస్‌ల ఫీజు మాతృదేశంలో ఉన్నంతా ఉంటుంది, గది అద్దె వేరే భారం. బ్రాంచి క్యాంపస్ అన్నంత మాత్రాన చవక అనుకోకూడదు.

ఈ ఖర్చును మన ప్రాంతపు ఆదాయాల పక్కన పెట్టి చూడాలి. చిత్తూరు, బంగారుపాళ్యం వైపు తోతాపురి తోటల మీద బతికే కుటుంబాలకు ఏ ఏడాది ఎంత వస్తుందో కాయ కోసేదాకా తెలియదు. 2025 వేసవిలో ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం కిలోకు నాలుగు రూపాయలు తాను భరించి, రైతుకు మొత్తం పన్నెండు రూపాయలు దక్కేలా చూడవలసి వచ్చింది. అటువంటి ఇంట్లో నలభై యాభై లక్షల అప్పు చేస్తే రెండు పంటలు దెబ్బతిన్న తరువాత భూమే పోతుంది. అదే అప్పు సగానికి తగ్గితే ఆ కుటుంబం తట్టుకోగలదు. నేను ఈ దారిని సమర్థించడానికి ముఖ్య కారణం ఇదే. ర్యాంకులూ ప్రతిష్ఠా ఆ తరువాతి మాట.

ఇక జాగ్రత్త పడవలసిన చోటికి వస్తాను. పుత్తూరులోని ఒక బంధువు తన కుమార్తె కోసం కన్సల్టెన్సీ ఇచ్చిన కాగితాలను వాట్సాప్‌లో నాకు పంపారు. కరపత్రం మీద ఇంగ్లండులోని క్యాంపస్ బొమ్మ, చెరువు, గడియార స్తంభం ఉన్నాయి. ఆఫర్ లెటర్‌లో మాత్రం రెండో పేజీ అడుగున చిన్న అక్షరాలలో మలేషియా చిరునామా, ఫీజు రింగిట్లలో, తిరిగి ఇవ్వబడని డిపాజిట్ గురించి ఒక వాక్యం ఉన్నాయి. వాటితో పాటు కౌన్సెలర్ చేత్తో రాసిచ్చిన ఖర్చుల పట్టిక ఒకటి ఉంది. అందులో ఫీజు, హాస్టల్, భోజనం కూడి, చివర "పార్ట్‌టైమ్ ఆదాయం" అని ఒక వరుస రాసి నెలనెలా వచ్చే మొత్తంగా తీసివేశారు. ఆ వరుస శుద్ధ అబద్ధం. మలేషియాలో విదేశీ విద్యార్థి సెమిస్టరు నడుస్తుండగా పని చేయడానికి వీలు లేదు. ఏడు రోజులకు మించిన సెలవుల్లో మాత్రమే, వారానికి 20 గంటలకు మించకుండా, అదీ హోటళ్లు, పెట్రోలు బంకులు, చిన్న దుకాణాల వంటి కొద్ది చోట్లనే, ముందుగా అనుమతి తీసుకుని చేయాలి. బ్రిటన్‌లో చదువు సాగే రోజుల్లోనే వారానికి 20 గంటలు, ఆస్ట్రేలియాలో పక్షానికి 48 గంటలు పని చేయవచ్చు గనుక అక్కడి లెక్కను తెచ్చి ఇక్కడ వేశారు. ఆ కుటుంబం ఆ పట్టికను నమ్మి ఉంటే రెండో ఏడాదికల్లా వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కవలసి వచ్చేది.

అంతకన్నా పెద్ద పొరపాటు చదువు తరువాతి ఉద్యోగ వీసా గురించి జరుగుతోంది. బ్రిటన్ గ్రాడ్యుయేట్ వీసా బ్రిటన్‌లో చదివినవారికే వస్తుంది, దుబాయిలో బ్రిటిష్ పట్టా తీసుకున్నవారికి రాదు. ఆ వీసా గడువును కూడా 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి రెండేళ్ల నుంచి పద్దెనిమిది నెలలకు కుదిస్తున్నారు. ఆస్ట్రేలియా తాత్కాలిక గ్రాడ్యుయేట్ వీసాకు కనీసం రెండు విద్యా సంవత్సరాల చదువు ఆస్ట్రేలియా గడ్డ మీదే జరగాలి. పట్టా ఒకటే అయినంత మాత్రాన హక్కులు ఒకటి కావు. ఈ ఒక్క విషయాన్ని స్పష్టంగా చెప్పకుండా డబ్బు కట్టించుకునేవారిని నేను క్షమించలేను.

"మధ్యలో మెల్‌బోర్న్‌కు మారిపోవచ్చు" అనే మాట కూడా వినిపిస్తుంది. ఇందులో రెండు వేర్వేరు ఏర్పాట్లు ఉన్నాయి. ఒక సెమిస్టరు పాటు మాతృ క్యాంపస్‌కు వెళ్లి చదివి రావడం ఒకటి. అప్పుడు ఫీజు సాధారణంగా మొదటి క్యాంపస్‌కే కడతారు, అక్కడి వసతి, భోజనం ఖర్చు మాత్రం మనదే. శాశ్వతంగా మారిపోవడం రెండోది. అలా మారిన రోజు నుంచి కొత్త దేశపు పూర్తి ఫీజు, కొత్త వీసా, కొత్తగా డబ్బు చూపవలసిన బాధ్యత అన్నీ వస్తాయి. మొదటిది పిల్లలకు మంచి అనుభవం, తప్పక వాడుకోవాలి. రెండోదాన్ని ముందే లెక్కలో వేసుకుంటే చవక అన్న మాటకే అర్థం ఉండదు.

పాశ్చాత్య దేశంలో పని చేయాలన్న కోరిక గట్టిగా ఉన్న పిల్లలకు నేను చెప్పేది వేరు. డిగ్రీ బ్రాంచి క్యాంపస్‌లో తక్కువ ఖర్చుతో పూర్తి చేసి, వీలైతే ఒకటి రెండేళ్లు ఉద్యోగం చేసి, ఆ తరువాత పీజీకి మాత్రం ఏ దేశంలో ఉద్యోగం కోరుతున్నారో ఆ దేశానికే వెళ్లాలి. అప్పుడు పెద్ద ఖర్చు నాలుగేళ్లకు బదులు ఒకటి రెండేళ్లకే పరిమితమవుతుంది, వీసా హక్కు కూడా సక్రమంగా వస్తుంది. అందుకే బ్రాంచి క్యాంపస్‌లో పీజీ చేయడం కన్నా డిగ్రీ చేయడమే ఎక్కువ లాభమని నా అభిప్రాయం.

పట్టాకు మన దేశంలో గుర్తింపు ఉంటుందా అన్నది తల్లిదండ్రులు అడగడం మరచిపోయే ప్రశ్న, ముఖ్యంగా పిల్ల తిరిగి వచ్చి గ్రూప్స్ రాయాలన్నా, ఎస్వీ యూనివర్సిటీలో పీహెచ్‌డీలో చేరాలన్నా ఇది కీలకం. విదేశీ పట్టాల సమానతపై యూజీసీ 2025 ఏప్రిల్‌లో కొత్త నిబంధనలు తెచ్చింది. విశ్వవిద్యాలయం స్వయంగా నడిపే క్యాంపస్, మాతృదేశపు నియమాలకూ క్యాంపస్ ఉన్న దేశపు నియమాలకూ లోబడి ఉంటే ఇబ్బంది లేదు. ఒక ప్రైవేటు కాలేజీ విదేశీ విశ్వవిద్యాలయం పేరును అద్దెకు తెచ్చుకుని ఫ్రాంచైజీ పద్ధతిలో ఇచ్చే పట్టాకు మాత్రం గుర్తింపు ఉండదు. సింగపూర్‌లోనూ మలేషియాలోనూ ఈ రెండు రకాలూ పక్కపక్కనే ఉంటాయి, కరపత్రాలు చూసి తేడా పట్టుకోవడం కష్టం. మలేషియాలో గుర్తింపు పొందిన ప్రతి కోర్సూ ఎంక్యూఏ (ఆ దేశపు విద్యార్హతల సంస్థ) వారి రిజిస్టరులో ఉంటుంది, ఎవరైనా ఆన్‌లైన్‌లో వెతికి చూసుకోవచ్చు. దుబాయిలో ఆ పని కేహెచ్‌డీఏ అనే ప్రభుత్వ విద్యా నియంత్రణ సంస్థ చేస్తుంది. డబ్బు కట్టే ముందు మనలో ఒకరు అరగంట వెచ్చించి ఆ వెతుకులాట చేసిపెట్టగలం. వైద్య విద్య గురించి ఒక్క మాట: నీట్ అర్హత ఉండాలి, పైగా ఒకే సంస్థలో 54 నెలల చదువు, ఆపై 12 నెలల ఇంటర్న్‌షిప్ వంటి షరతులను 2021 నిబంధనలు పెట్టాయి గనుక ఎంబీబీఎస్‌కు ఈ వ్యాసంలోని సలహాలు వర్తించవు.

క్యాంపస్‌లు మూతపడడమూ ఉంది. న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం సింగపూర్‌లో 2007లో తెరిచిన క్యాంపస్‌ను మొదటి సెమిస్టరుతోనే మూసివేసింది. లండన్ యూసీఎల్ ఖతార్ నుంచి 2020లో వైదొలగింది. టెక్సస్ ఏ అండ్ ఎం తన ఖతార్ క్యాంపస్‌ను 2028 నాటికి మూసివేయాలని 2024 ఫిబ్రవరిలో నిర్ణయించింది. పెద్ద పేరు ఉన్నంత మాత్రాన క్యాంపస్ నిలబడుతుందన్న భరోసా లేదు. ఇరవై ఏళ్లుగా నడుస్తూ, సొంత భవనాలు కట్టుకుని, వేల మంది విద్యార్థులున్న క్యాంపస్‌కూ, నిరుడు అద్దె భవనంలో మొదలైన క్యాంపస్‌కూ తేడా చూడాలి. మూసివేస్తే చేరిన పిల్లల చదువు ఎలా పూర్తి చేయిస్తారో రాతపూర్వకంగా అడగాలి.

అప్పు విషయంలో కూడా రాతపూర్వకంగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది. బ్యాంకు జాబితాలో విశ్వవిద్యాలయం పేరు ఉన్నా, ఆ రుణ షరతులు ఫలానా దేశంలోని క్యాంపస్‌కు వర్తిస్తాయా అని బ్రాంచి మేనేజరు దగ్గర ముందే తేల్చుకోవాలి. కేంద్ర ప్రభుత్వ విద్యారుణ పథకమైన పీఎం విద్యాలక్ష్మి మన దేశంలోని సంస్థలకే పరిమితం. ఇప్పుడు విదేశీ విశ్వవిద్యాలయాలే మన దేశానికి వస్తున్నాయి. డీకిన్, వొలాంగాంగ్ గుజరాత్ గిఫ్ట్ సిటీలో, సౌతాంప్టన్ గురుగ్రామ్‌లో మొదలయ్యాయి. వాటిని తీసిపారేయను గానీ, పిల్ల తిరుపతి ఐఐటీలోనో ఐసర్‌లోనో సీటు తెచ్చుకోగలిగితే వీటికోసం దాన్ని వదులుకోవడం నాకు సమ్మతం కాదు.

మన సంఘం చేయగలిగిన పని ఒకటుంది. మలేషియా, దుబాయి, సింగపూర్ క్యాంపస్‌లలో చదివి బయటికి వచ్చిన రాయలసీమ పిల్లలు మన సభ్యుల ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లు ఏ కోర్సు చదివారో, మొదటి ఏడాది నిజంగా ఎంత ఖర్చయిందో, చదువయ్యాక ఏ దేశంలో ఎన్ని నెలలకు ఉద్యోగం దొరికిందో, ఊరి నుంచి ఫోన్ చేసే తల్లిదండ్రులతో మాట్లాడడానికి సమ్మతమేనా అన్నది రాసి సంపాదకవర్గానికి పంపితే వచ్చే సంచికలో పట్టికగా ప్రచురించవచ్చు. సంక్రాంతికి ఊరికి వెళ్లే సభ్యులు ఆ పట్టికను వెంట తీసుకువెళ్లి, తిరుపతిలో ఒక రోజు ఏదైనా కాలేజీలో కూర్చుని, కాగితాలు పట్టుకుని వచ్చేవారికి చదివి వివరించాలని కోరుతున్నాను. ఆ రోజుకు నేను వస్తాను.