ఏ శక్తిని పెంచుతారట?

పది రోజులుగా మా కవిటి వైపు ఫోన్లలో ఒకటే సందేశం తిరుగుతోంది. రోగనిరోధక శక్తి తగ్గడం వల్లే కిడ్నీలు పాడవుతాయట. శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానం ప్రాంతాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బుకీ కారణం అదేనట. తిప్పతీగ, అశ్వగంధ, ఏదో భస్మం కలిపిన పొడిని మండలం పాటు తాగితే శక్తి పెరిగి క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా పనిచేయకపోతే రక్తంలో పేరుకునే వ్యర్థం) దిగివస్తుందట. అంతా మూలికలే కనుక హాని లేదట. పక్కింటి పిన్ని ఆ పొడిని హార్లిక్స్ సీసాలో తెచ్చి, "ఎన్ని చెంచాలు వేయమంటావు బాబూ?" అని అడిగింది. ఆవిడ కొడుక్కి రెండేళ్ళ క్రితం కిడ్నీ మార్పిడి జరిగింది. నాకు గుండె జారిపోయింది.

మొదటి మాట దగ్గరే సందేశం బోల్తా పడింది. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల సూక్ష్మమైన జల్లెడలు ఉంటాయి. వాటిని పాడుచేసే జబ్బుల్లో చాలావాటికి మూలం దారితప్పిన రోగనిరోధక వ్యవస్థే. లూపస్ అనే జబ్బులో అది సొంత కణాల మీదే ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) తయారుచేస్తుంది. ఐజీఏ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బులో ప్రతిరక్షకాలు ముద్దకట్టి జల్లెడల్లో పేరుకుంటాయి. పిల్లలకు గొంతునొప్పో గజ్జిపుళ్ళో తగ్గిన కొన్ని వారాలకు ముఖం ఉబ్బి, మూత్రం డికాక్షన్ రంగులో రావడం చూసే ఉంటారు. క్రిమి మీద పోరు ముగిశాక దాని ఫలితం కిడ్నీ మీద పడిందన్నమాట. ఇలాంటి జబ్బుల్లో చాలావాటికి వైద్యులు స్టెరాయిడ్లు, మైకోఫెనొలేట్ వంటి మందులిచ్చి ఆ శక్తిని అణచిపెడతారు. కంచే చేను మేస్తుంటే, కంచె ఇంకా ఎత్తు కట్టమంటోంది ఈ సందేశం!

పిన్ని కొడుకు సంగతి ఇంకా సున్నితం. 1954లో బోస్టన్‌లో మొదటిసారి కిడ్నీ మార్పిడి విజయవంతమైంది ఏకరూప కవలల మధ్యే. ఒకరి కిడ్నీని మరొకరి ఒళ్ళు పరాయిదిగా చూడలేదు మరి. ఇతరులు ఇచ్చిన కిడ్నీ నిలవాలంటే రోగనిరోధక శక్తిని అణచే టాక్రోలిమస్ వంటి మాత్రలు రోజూ వేళ తప్పకుండా వేసుకోవాలి. రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే పొడి అక్కడికి చేరడం అంటే, ఆ మాత్ర చేసే పనికి అడ్డుపడటమే.

ఇక ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు వైపు కనిపించే జబ్బులో ప్రధానంగా దెబ్బతినేది జల్లెడలు కాదు, వాటి వెనక ఉండే సన్నని గొట్టాలు, ఆ గొట్టాల మధ్య కణజాలం. అందుకే మూత్రంలో ప్రోటీన్ చాలామందికి తక్కువే పోతుంది. నీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు, ఇలా అనుమానితుల జాబితా పొడుగ్గానే ఉంది, నేరం ఏ ఒక్కదాని మీదా రుజువు కాలేదు. శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వెతుకుతున్న కారణం ఈ పొడి అమ్మేవాడికి ఒక్క వాక్యంలో దొరికింది!

ఒక చిన్న నిజం మాత్రం ఉంది, అదీ తిరగేసి చెప్పారు. కిడ్నీలు చెడితే రోగనిరోధక శక్తి తగ్గుతుంది. డయాలసిస్ రోగులకు హెపటైటిస్ బి టీకా మామూలు మోతాదులో సరిగా పట్టదు కనుకే రెట్టింపు ఇస్తారు.

మూలిక కనుక హాని లేదన్న మాటే నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది. పాదరసం ఉన్న సంప్రదాయ మందులు వాడినవారిలో మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే జబ్బు రావడాన్ని వెల్లూరు సి.ఎం.సి. ఆసుపత్రి వైద్యులు 2022లో వివరించారు. అదీ రోగనిరోధక వ్యవస్థ కిడ్నీ జల్లెడను దెబ్బకొట్టే జబ్బే. మందు మానేశాక చాలామందికి తగ్గింది కూడా. మరి ఈ సీసాలోని భస్మం ఏమిటి? సందేశంలో ఎక్కడా లేదు. తిప్పతీగ వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు కోవిడ్ కాలంలో ముంబైలో బయటపడ్డాయి.

"క్రియాటినిన్ తగ్గిందని చాలామంది రాశారు కదా?" అంది పిన్ని. కండ తగ్గినా, మాంసం మానినా ఆ అంకె కాస్త దిగుతుంది, కిడ్నీ బాగుపడకపోయినా సరే.

ఆవిడ సీసా మూత బిగించింది. "మూడు వందలు పెట్టాను బాబూ" అని గొణిగి, గోడ గడియారం చూసి లేచింది. కొడుకు ఎనిమిదింటి మాత్రకు వేళైంది.