ఫోమ్ కత్తికీ ఉంటుంది ఒక చట్టం

ప్రభుత్వాలు పరిపాలన నేర్చుకోవడానికి కమిటీలు వేసి డబ్బు తగలేస్తున్నాయి. దానికన్నా మే నెలాఖరులో టొరంటో వెళ్లి, పియర్సన్ విమానాశ్రయం పక్కన డిక్సన్ రోడ్డులో జరిగే జపాన్ కార్టూన్ల (యానిమే) అభిమానుల సభ, యానిమే నార్త్‌ చూసి వస్తే సరిపోయేది. కోవిడ్ పుణ్యమా అని ఆగింది తప్ప, 1997 నుంచి దాన్ని నడుపుతున్నది అభిమానులే. (ఎడ్మంటన్ వాళ్లు నొచ్చుకోకూడదు, ఇలాంటిదే వాళ్ల సభ యానిమెథాన్ 1994 నాటిది.) ఒకడు టికెట్ కొని క్యూలో నిలబడతాడు, ఇంకొకడు జీతం లేకుండా ఆ క్యూని నిలబెడతాడు. ఇద్దరూ మళ్లీ ఏడాది వస్తారు.

ముందు శాంతిభద్రతలు. ఇలాంటి సభల్లో అసలు ఇనుప కత్తికి ప్రవేశం లేదు, మొద్దుదైనా సరే. ఫోమ్ కత్తికి మాత్రం తనిఖీ ఉంటుంది. వాలంటీరు మొన వంచి చూస్తాడు, అంచు మీద బొటనవేలు నొక్కుతాడు, లోపల గొట్టం ఎక్కడిదాకా ఉందో తడిమి చూస్తాడు. ఇష్టమైన పాత్ర వేషం కట్టి, ఆరడుగుల ఖడ్గంతో లోకాలను కాపాడే వీరుడు ఆ క్షణంలో చేతులు కట్టుకుని నిలబడతాడు.

ఆ ఖడ్గం తయారీలో పంచవర్ష ప్రణాళికలకు పట్టిన రోగమే ఉంది: అన్నీ ఆఖరి రాత్రి. పది మిల్లీమీటర్ల ఈవీఏ (చెప్పుల అడుగున వాడే మెత్తటి రకం) ఫోమ్ షీట్లు రెండు, మధ్యలో వెన్నెముకగా పీవీసీ గొట్టం. కాంటాక్ట్ సిమెంటు రెండు వైపులా పూసి, వేలికి అంటుకోనంతగా ఆరేదాకా పది నిమిషాలు ఆగాలి. ఆ పది నిమిషాలే ఎవరి దగ్గరా ఉండవు. తడి మీదే అతికిస్తే లోపలి ద్రావకం బయటికి పోలేక అతుకు జారిపోతుంది. సరిగ్గా అతికించినా, ఎండలో కారులో వదిలేస్తే వేడికి జిగురు మెత్తబడి అతుకు నోరు తెరుస్తుంది. రంగుకు ముందు హీట్ గన్‌తో ఫోమ్ పైపొరని మూసి, ప్లాస్టీ డిప్ అనే రబ్బరు ద్రవం మూడు నాలుగు పూతలు వేయాలి. లేకపోతే ఫోమ్ రంగంతా తాగేసి, వంగిన చోటల్లా పగుళ్లిస్తుంది. కవచానికి బకిల్స్ బిగించే మహానుభావులు బాత్రూము సంగతి శనివారం మధ్యాహ్నం గుర్తు చేసుకుంటారు.

ప్రజారోగ్యానికి ఒక ధర్మశాస్త్రం ఉంది: రోజుకు ఆరు గంటల నిద్ర, రెండు పూటల తిండి, ఒక స్నానం. నిద్ర దగ్గర పాఠభేదాలున్నాయి, అయిదు చాలన్న సంప్రదాయం కూడా ఉంది. స్నానం దగ్గర మాత్రం పండితులందరిదీ ఒకే మాట. శనివారం సాయంత్రం హాల్లోకి అడుగుపెట్టినవాళ్లకు దాని కారణం వేరే చెప్పక్కర్లేదు.

ఇక అసలు అధికారం గుమ్మం దగ్గర ఉంటుంది. ప్రతి గదికీ అగ్నిమాపక నిబంధన ప్రకారం ఇంతమందే అని లెక్క. అది నిండగానే తలుపు మూస్తారు. క్యూ చివరివాడి చేతిలో ‘వరుస ఇక్కడితో ఆఖరు’ అన్న అట్ట పెడతారు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు సర్ది చెప్పే భారం వాడిదే. లంచం, సిఫారసు, ‘మా బాబాయి తెలుసా’ లాంటివేవీ అక్కడ చెల్లవు.

టొరంటో పక్కనున్న బ్రాంప్టన్, మిసిసాగాల నుంచి పిల్లల్ని దింపి వెళ్లే మన తల్లిదండ్రులు ‘ఈ బొమ్మల పిచ్చి ఎన్నాళ్లో’ అని నిట్టూరుస్తుంటారు. వాళ్లు ఒక్కసారి లోపలికి తొంగిచూడాలి. ఇంట్లో పక్క దుప్పటి మడతపెట్టని పుత్రరత్నం వాకీటాకీ పట్టుకుని, ముగ్గురు సమురాయ్‌లనీ, రెక్కలు మడవడం రాని ఒక దేవదూతనీ క్యూ వెనక్కి పంపుతుంటాడు. వాళ్లు నోరెత్తకుండా వెళ్తారు కూడా.