జావాలో పైథాన్ కలిపితే డేటాబేస్ పాడవుతుందా?

బెంగళూరు తెలుగు ఐటీ వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మారతహళ్లి అద్దె ఇళ్లు, పండక్కి ఊరెళ్లే బస్సు టికెట్లు, మధ్యమధ్యలో కాస్త టెక్నికల్ జ్ఞానం తిరుగుతూ ఉంటాయి. ఈ నెలలో ఒకే ఫార్వర్డ్ నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది. దాని సారం ఇది: డేటాబేస్ అప్లికేషన్ ఏ ప్రోగ్రామింగ్ భాషలో రాస్తే లైబ్రరీలూ (ఇతరులు రాసి పెట్టిన రెడీమేడ్ కోడ్) ఆ భాషవే వాడాలి. పెద్ద సిస్టమ్స్‌లో ఎవరూ భాషలు కలపరు. జావా యాప్‌లోకి పైథాన్ లైబ్రరీ తెస్తే స్పీడ్ పోతుంది, డేటా పాడవుతుంది. తప్పదంటే హెచ్‌టీటీపీ వెనక, అంటే నెట్‌వర్క్ మీద పిలిచే వేరే సర్వీసుగా పెట్టాలి, అదొక్కటే సేఫ్. లేదా ఆ లైబ్రరీని మన భాషలో తిరిగి రాసుకోవాలి.

రాసినవారెవరో తెలియదు కానీ ఎక్కడో గట్టి దెబ్బ తిన్నారని తెలుస్తోంది. జావా, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పన్నెండేళ్లుగా పని చేస్తున్న నాకూ ఆ దెబ్బలు తగిలాయి. అయితే నాకు తగిలిన చోటు వేరు.

"పెద్ద సిస్టమ్స్‌లో ఎవరూ భాషలు కలపరు."

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు ఏమైనట్టు? "మాది పూర్తిగా పైథాన్" అనేవాళ్లు పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడటానికి రోజూ వాడే సైకోపీజీ2 డ్రైవర్ కింద ఉన్నది లిబ్‌పీక్యూ అనే సీ లైబ్రరీ. 2006లో వచ్చిన పైథాన్ 2.5 నుంచి భాషతోపాటే వస్తున్న ఎస్‌క్యూలైట్ మాడ్యూల్ కింద ఉన్నదీ సీలో రాసిన డేటాబేసే. పైథాన్‌లో శాస్త్రీయ లెక్కలకి వాడే సైపై లోపల పని చేసే లాపాక్ ఫోర్ట్రాన్‌లో పుట్టింది. పోస్ట్‌గ్రెస్ 10లో, అంటే 2017లో, అక్షరక్రమం కోసం ఐసీయూ లైబ్రరీని వాడుకునే వీలు వచ్చింది. అదీ బయటి సరుకే. ఇక పెద్ద డేటాని చాలా మెషీన్ల మీద నడిపే స్పార్క్ స్కాలా అనే భాషలో ఉంటే, దాన్ని చాలామంది నడిపేది పైథాన్ నుంచి. దీని మీద ఇంతకంటే వాదన అనవసరం.

"స్పీడ్ పోతుంది."

పోతుంది, ఒక్కో చిన్న పనికీ రెండు భాషల మధ్య గడప దాటితే. రెండేళ్ల క్రితం నేను పనిచేసే చోట ఒకే కస్టమర్ పేరు రెండు మూడుసార్లు నమోదైన కేసులు పట్టుకోవాల్సి వచ్చింది. మన పేర్ల సంగతి తెలిసిందే. ఇంగ్లిష్‌లో లక్ష్మిని ఒకరు కే-ఎస్-హెచ్‌తో రాస్తే, ఇంకొకరు ఎక్స్‌తో రాస్తారు. ఇంటిపేరు ఒకరికి ముందు, ఒకరికి వెనక, ఒకరికి ఒక్క అక్షరం. ఇలాంటి పేర్లు పోల్చడానికి పైథాన్‌లో మంచి లైబ్రరీ దొరికింది. మేం చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, జావా లూప్‌లో ఒక్కో జత పేర్లకి ఒక్కో కాల్ పెట్టడం. రాత్రి మొదలైన జాబ్ పొద్దున టిఫిన్ వేళకి కూడా అవలేదు. అదే లైబ్రరీకి పేర్లన్నీ కట్టలు కట్టి పంపితే అర్ధరాత్రి లోపే అయిపోయింది. లైబ్రరీ మారలేదు, భాష మారలేదు.

స్పార్క్ వాళ్లదీ ఇదే అనుభవం. పైథాన్ ఫంక్షన్‌కి టేబుల్ వరసలు ఒక్కొక్కటిగా మార్చి పంపడం భారమయ్యేది. 2018లో 2.3 వెర్షన్‌లో ఆరో (Arrow) అనే ఫార్మాట్‌లో గుంపులుగా పంపే పాండాస్ ఫంక్షన్లు తెచ్చాక ఆ భారం బాగా తగ్గింది.

"డేటా పాడవుతుంది."

ఇందులో సగం నిజం ఉంది. ఊరి నుంచి కొత్తగా వచ్చిన తమ్ముడొకడు కూరగాయల బండి దగ్గర కన్నడంలో "హదినైదు" అంటే చివరి "ఐదు" మాత్రమే విని అయిదు రూపాయలు తీశాడు. బండివాడు పదిహేనే చెప్పాడు. రెండు భాషల మధ్య అంకెలు ఇలాగే జారతాయి. జావాలో బిగ్‌డెసిమల్ అనే కచ్చితమైన దశాంశ రకంగా ఉన్న డబ్బు జేసన్ అనే టెక్స్ట్ రూపంలోకి ఎక్కి పైథాన్‌లో దిగితే, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, ఫ్లోట్ (సుమారు విలువ దాచే రకం) అవుతుంది. అక్కడ 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. చదివేటప్పుడే డెసిమల్ కావాలని ఒక్క మాట చెబితే ఆ గొడవ ఉండదు. జావాస్క్రిప్ట్ మామూలు నంబర్‌లో 9007199254740992 దాటిన పూర్ణాంకాలకు నమ్మకం లేదు. అందుకే సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ పెద్ద పూర్ణాంకాలను స్ట్రింగ్‌గా, అంటే అక్షరాలుగా ఇస్తుంది.

అక్షరాల దగ్గర ఇంకో తమాషా ఉంది. జావా నుంచి సీ లైబ్రరీని పిలిచే జేఎన్ఐలో స్ట్రింగ్ తయారుచేసే ఒక ఫంక్షన్ అక్షరాలను బైట్లుగా మార్చే మామూలు పద్ధతి యూటీఎఫ్-8 తీసుకోదు, కొంచెం మార్చిన రకం తీసుకుంటుంది. తెలుగు అక్షరం రెండింట్లోనూ అవే మూడు బైట్లు. తేడా వచ్చేది ఎమోజీ దగ్గర. టెస్టింగ్‌లో వెంకటేశ్వర్లు, సుబ్బలక్ష్మి అందరూ పాసవుతారు. ఎవరో పేరు పక్కన దండం ఎమోజీ పెట్టిన రోజు మాత్రం చెత్త వస్తుంది. అంటే పాడయ్యేది మార్పిడి దగ్గర. అక్కడ టెస్టులు రాయని వాళ్లు ఒకే భాషలో ఉన్నా పాడుచేసుకుంటారు.

"హెచ్‌టీటీపీ వెనక వేరే సర్వీసు ఒక్కటే సేఫ్."

నన్ను ఈ వ్యాసం రాయించింది ఈ వాక్యమే. చాలామంది దీన్ని ప్రశ్నించకుండా నమ్ముతారు.

డేటాబేస్ అప్లికేషన్‌లో ట్రాన్సాక్షన్ (జరిగితే అన్నీ జరగాలి, లేదంటే ఏదీ జరగకూడదు అనే మార్పుల కట్ట) అనేది కనెక్షన్‌ని అంటిపెట్టుకుని ఉంటుంది. జావా ఒక కొత్త కస్టమర్‌ని ఇన్సర్ట్ చేసి, కమిట్ చేయకుండా, అంటే ఖాయం చేయకుండా, ఐడీ మాత్రం పైథాన్ సర్వీసుకి పంపింది అనుకోండి. ఆ సర్వీసు తన సొంత కనెక్షన్‌తో వెతుకుతుంది. కమిట్ కానిది వేరే కనెక్షన్‌కి కనిపించదు కాబట్టి దొరకదు. జావా వాళ్లు "ఉంది కదా" అంటారు, పైథాన్ వాళ్లు "లేదు కదా" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతారు. మా దగ్గర ఈ పంచాయితీ రెండు రోజులు నడిచింది.

అంతకంటే చెడ్డది ఇంకోటి. జావా ఒక వరసని అప్‌డేట్ చేసి, ఇంకెవరూ మార్చకుండా దాని లాక్ పట్టుకుని, సర్వీసు జవాబు కోసం ఆగుతుంది. ఆ సర్వీసేమో అదే వరసని అప్‌డేట్ చేయబోయి లాక్ కోసం ఆగుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో డెడ్‌లాక్ (ఒకరి కోసం ఒకరు ఆగిపోవడం) పట్టే యంత్రాంగం ఉంది, మామూలుగా ఒక సెకను ఆగి వెతుకుతుంది. కానీ ఇక్కడ దానికి సగమే కనిపిస్తుంది. జావా ఆగింది నెట్‌వర్క్ మీద, లాక్ మీద కాదు. డేటాబేస్ కంటికి ఆ సెషన్ ట్రాన్సాక్షన్ తెరిచి ఊరికే కూర్చుంది, అంతే. టైమ్‌అవుట్లు పెట్టకపోతే ఇద్దరూ అలాగే కూర్చుంటారు. అదే పైథాన్ లైబ్రరీకి డేటా మాత్రమే ఇచ్చి, కనెక్షన్ జావా చేతిలోనే ఉంచితే ఈ చిక్కు పుట్టదు. లేదా పోస్ట్‌గ్రెస్ లోపలే పీఎల్/పైథాన్ ఫంక్షన్‌గా రాస్తే అది అదే సెషన్‌లో, అదే ట్రాన్సాక్షన్‌లో నడుస్తుంది. దానికి తిప్పలు లేవని కాదు. భద్రత పరంగా దాన్ని అన్‌ట్రస్టెడ్ భాషగా లెక్కిస్తారు, మామూలుగా సూపర్‌యూజర్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) తప్ప ఇంకెవరూ అందులో ఫంక్షన్ రాయలేరు. పైగా ఆ లెక్కల బరువంతా డేటాబేస్ సర్వర్ మీద పడుతుంది.

వేరే ప్రాసెస్ పెట్టడానికి ఒక గట్టి కారణం ఉంది, ఫార్వర్డ్ రాసినవారు దాన్నే వదిలేశారు. జేఎన్ఐ ద్వారా పిలిచిన సీ కోడ్ తప్పు మెమరీని ముట్టుకుంటే ఒక్క రిక్వెస్ట్ కాదు, జావాని నడిపే జేవీఎం మొత్తం కూలుతుంది. ఏ ఎక్సెప్షన్ హ్యాండ్లరూ కాపాడలేదు. ఆన్‌కాల్ టెన్షన్ అనుభవించినవాళ్లకి దీని విలువ తెలుసు. ఆ భయం ఉంటే వేరే ప్రాసెస్ పెట్టండి, తప్పకుండా పెట్టండి. కమిట్ అయ్యాకే దాన్ని పిలవండి.

"లేదా మీ భాషలో తిరిగి రాసుకోండి."

నలభై లైన్ల ఫంక్షన్ అయితే రాసుకోండి. మేం ఆ పేర్ల లైబ్రరీని జావాలో రాద్దామని కూర్చున్నాం. సూత్రం రాయడం వారం పని. ఏళ్లుగా ఎవరెవరో పట్టుకుని సరిచేసిన చిన్నచిన్న మినహాయింపులు మన దగ్గరికి రావు కదా. మూడో నెలలో వదిలేశాం. "జైథాన్ ఉందిగా" అన్నారు ఒకరు. అది జేవీఎం మీద నడిచే పైథాన్, కానీ పైథాన్ 2.7 దగ్గరే ఆగింది, నంపై లాంటి సీ ఎక్స్‌టెన్షన్లు అందులో నడవవు.

ఇప్పుడు పైథాన్ జాబ్ రాత్రిపూట తన కనెక్షన్‌తో కస్టమర్ల పేర్లు చదువుతుంది, అనుమానం ఉన్న జతలను ఒక వేరే టేబుల్‌లో రాస్తుంది. పొద్దున ఆఫీసులో ఒకావిడ జావా స్క్రీన్ మీద ఆ జతలు చూసి కలపాలో వద్దో నొక్కుతారు. కలిపేది జావానే. పైథాన్ యూజర్‌కి కస్టమర్ల టేబుల్ మీద సెలెక్ట్ (చదవడం) తప్ప ఇంకే అనుమతీ ఇవ్వలేదు.