కౌంటీలో ఇల్లుంటే రూఫ్‌కి రూల్సే లేవట!

టెక్సస్‌లో వడగళ్లు పడటమే ఆలస్యం, ఆ మెసేజ్ మళ్లీ బయల్దేరుతుంది. గుడి గ్రూపులో వచ్చింది, క్రికెట్ గ్రూపులో వచ్చింది, చివరికి మా తోడల్లుడు కూడా "అన్నయ్యా, పనికొస్తుందేమో చూడండి" అని పంపాడు. చూశాను. సిటీ లిమిట్స్ బయట, అంటే కౌంటీ కిందే ఇల్లున్నవాళ్లకి రూఫ్ మార్చడానికి పర్మిట్ అక్కర్లేదట. బిల్డింగ్ కోడ్, అంటే కట్టడాల నిబంధనలు లేవు కాబట్టి పాత షింగిల్స్ (రూఫ్ మీద పరిచే పలకలు) మీదే కొత్తవి కొట్టించొచ్చట. పక్క సిటీకి అడిగే హక్కు లేదు, హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నోరెత్తడానికి వీల్లేదు, డిడక్టబుల్ (క్లెయిమ్‌లో మన జేబులోంచి కట్టాల్సిన వాటా) సంగతి కాంట్రాక్టరే "చూసుకుంటాడు". అమెరికా అంతా ఇదే రూలట.

చివరిది ముందు తేల్చేద్దాం. ఫ్లోరిడాలో బిల్డింగ్ కోడ్ రాష్ట్రమంతటికీ ఒక్కటే. ఊరికి ఎంత దూరంలో ఉన్నా రూఫ్ మార్చాలంటే పర్మిట్ తీసుకోవాల్సిందే. హెచ్ఓఏ అంటారా, అది ఇల్లు కొన్నప్పుడు మీరు ఒప్పుకున్న షరతుల వ్యవహారం, కౌంటీకి సంబంధం లేదు.

పర్మిట్ మాట మాత్రం చాలావరకు నిజమే. టెక్సస్‌లో 2009 నాటి చట్టం కొన్ని కౌంటీలకు కోడ్ అమలు చేసే వీలిచ్చింది కానీ, అది కొత్త ఇళ్లకి, ఇంటిని సగానికి మించి పెంచే కట్టడాలకి. ఉన్న ఇంటికి రూఫ్ మార్చడం అందులోకి రాదు. పక్క సిటీ గురించి కూడా మెసేజ్ రాసినాయన పూర్తిగా తప్పు కాదు. 2016లో లేక్‌వుడ్ విలేజ్ అనే ఊరి కేసులో, అలాంటి చిన్న జనరల్ లా టౌన్లు (రాష్ట్ర చట్టం ఇచ్చిన అధికారాలే ఉన్నవి) తమ హద్దు దాటి ఈటీజేలో, అంటే ఊరి చుట్టూ ఉండే బయటి ప్రాంతంలో బిల్డింగ్ కోడ్ అమలు చేయలేవని టెక్సస్ సుప్రీంకోర్టే చెప్పింది. ఇదే సూత్రం గాల్వెస్టన్ లాంటి తీర కౌంటీల్లో వాడితే మాత్రం మునుగుతారు. అక్కడ టీడబ్ల్యూఐఏ (తీర ప్రాంతాల్లో తుఫాను గాలులకి ఇన్సూరెన్స్ ఇచ్చే టెక్సస్ సంస్థ) పాలసీ కావాలంటే కొత్త రూఫ్ గాలికి తట్టుకునేలా కట్టారని విండ్‌స్టార్మ్ సర్టిఫికెట్ ఉండాలి.

పాత షింగిల్స్ మీద కొత్తవా? ఐఆర్‌సీ (ఇళ్ల కోసం అమెరికాలో వాడే నమూనా బిల్డింగ్ కోడ్) కూడా రెండు వరసలున్న రూఫ్ మీద మూడోది వెయ్యొద్దంటుంది. మన దగ్గర కోడ్ లేదంటే షింగిల్స్‌కి బరువు కూడా ఉండదా?

ఇక డిడక్టబుల్. ఇల్లు 4 లక్షల డాలర్లకి ఇన్సూర్ చేసి ఉండి, డిడక్టబుల్ 2 శాతమైతే 8,000 డాలర్లు. అంత సొమ్ము వదులుకోవడానికి ఆ కాంట్రాక్టర్ ఏమైనా దానకర్ణుడా? బిల్లు పెంచుతాడు, లేదా పనిలో కోస్తాడు. తుప్పు పట్టిన ఫ్లాషింగ్ (అతుకుల దగ్గర నీళ్లు దిగకుండా వేసే రేకు) అలాగే ఉంచేస్తాడు, మేకులు తగ్గిస్తాడు. పర్మిట్ లేదని సంబరపడుతున్నాం కదా, పర్మిట్ లేదంటే వచ్చి చూసే ఇన్‌స్పెక్టరూ లేడు. పైగా టెక్సస్‌లో రూఫర్‌కి రాష్ట్ర లైసెన్సు కూడా అక్కర్లేదు. ఇక ఆ పని చూసేదెవరు?

2019 సెప్టెంబరు 1 నుంచి డిడక్టబుల్ కట్టకుండా తప్పించుకోవడానికి కాంట్రాక్టర్ తెలిసి సాయం చేస్తే అది క్లాస్ బి నేరం. 180 రోజుల వరకు జైలు, 2,000 డాలర్ల వరకు ఫైను. ఆ హెచ్చరికని కాంట్రాక్టులోనే బోల్డ్ అక్షరాల్లో అచ్చేయాలి. మిగిలిన డబ్బు విడుదల చేసే ముందు ఇన్సూరెన్స్ కంపెనీ మీరు డిడక్టబుల్ కట్టినట్టు రుజువు అడగొచ్చు: చెక్కో, క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటో. అప్పుడేం చూపిస్తారు, ఈ ఫార్వర్డా?

"మా ఫ్రెండ్ చేయించుకున్నాడు, ఏం కాలేదు" అంటారు. గ్రీన్ కార్డు క్యూలో ఉన్నామని స్పీడింగ్ టికెట్‌కి కూడా లాయర్ని పెట్టుకునే జనం మనం. తెలిసి తెలిసి దొంగ బిల్లు మీద క్లెయిమ్ చేయడానికి మాత్రం టెన్షనే లేదు.

మెసేజ్ అడుగున ఒక ఫోన్ నంబరు, "మీ క్లెయిమ్ గురించి ఇన్సూరెన్స్ వాళ్లతో మేమే బేరమాడతాం" అని. రూఫింగ్ కాంట్రాక్టర్ తాను పనిచేసే ఇంటి క్లెయిమ్ బేరమాడటం టెక్సస్‌లో నిషిద్ధం. 2024లో టెక్సస్ సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది కూడా. ఆ నంబరు ఎవరిదని రెండు గ్రూపుల్లోనూ అడిగాను. ఎవరికీ తెలియదు.