ఎడమ హెడ్‌లైటు గారికి మేలుకొలుపు

మహారాజశ్రీ ఎడమ పాపప్ హెడ్‌లైటు గారి సముఖమునకు,

హనుమకొండ నుంచి నమస్కరించి రాయునది. ఉభయ కుశలోపరి అందామంటే, మీ ఇద్దరిలో కుడివైపు వారొక్కరే కుశలం. స్విచ్ వేయగానే లేస్తారు, ఆర్పగానే పడుకుంటారు. తమరి సంగతే అంతుబట్టడం లేదు.

అసలు తమరి ఉద్యోగం ఏపాటిదని? పగలంతా బానెట్‌లో మూత వేసుకుని నిద్ర. చీకటి పడ్డాక లేచి నిలబడితే చాలు. మిగతా కార్ల లైట్లు పాపం ఎండకూ వానకూ మొహం చూపిస్తూ నిలబడే ఉంటాయి. తమరిని లేపడానికి మాత్రం ప్రత్యేకంగా ఓ మోటరు, ఓ రిలే, ఓ ఫ్యూజు. ఇంతమంది సిబ్బంది ఉన్నా లేవరు. పైగా లోపల బల్బు వెలుగుతూనే ఉంటుంది; మూత అంచు సందులోంచి సన్నటి పసుపు గీత కనిపిస్తుంది. దీపం పెట్టుకుని మరీ పడుకోవడం ఏం మర్యాదండీ?

నా పరువు తమరికి పట్టదు. మొన్న కాజీపేట దగ్గర సిగ్నల్ పడి ఆగితే, ఎదురుగా ఉన్న ఆటో అన్న తల బయటికి పెట్టి "ఏందన్నా, ఎవలకు కన్ను కొడుతున్నవ్?" అని అడిగాడు. పక్క సీట్లో మా అత్తమ్మ. ఆమె చూసిన చూపుకు జవాబు తమరే చెప్పుకోవాలి.

తమరిది పెద్ద వంశమే, కాదనను. 1936లో అమెరికాలో కార్డ్ 810 కారుకు వచ్చిన లైట్లు తమరి ముత్తాతలు. డ్రైవరు డాష్‌బోర్డుకు అటో పిడి, ఇటో పిడి తిప్పితే గానీ లేచేవారు కాదట. బద్ధకం అక్కడే మొదలైందన్నమాట! తర్వాత అక్కడ 1983 దాకా హెడ్‌లైటంటే సీల్డ్ బీమే, అంటే బల్బూ అద్దమూ కలిపి మూసేసిన ఒకే ముక్క లైటే, ఉండాలని, అదీ ఇంత ఎత్తులో ఉండాలని రూలు. దాంతో ముక్కు కిందికి వాల్చిన స్పోర్ట్స్ కార్లు తమరిని నెత్తిన పెట్టుకున్నాయి. రూలు సడలాక తమరి బరువు, ఖర్చు అన్నీ లెక్కకొచ్చాయి. 2004లో లోటస్ ఎస్ప్రి, కార్వెట్ సీ5 కార్ల తయారీ ఆగిపోయింది, తమరి వంశం దాదాపు అక్కడితో సరి. పోస్టే రద్దయ్యాక కూడా ఇంత బెట్టా!

విచారణ లేకుండా నింద వేశాననకండి. ఫ్యూజు ఇద్దరికీ ఒక్కటే, కుడివైపు వారు లేస్తున్నారు కాబట్టి అది నిర్దోషి. తమరి మోటరు ప్లగ్ పీకి టెస్ట్ లైటు పెడితే వెలిగింది, అంటే కరెంటు గుమ్మం దాకా వస్తోంది. ఎర్తింగ్ దగ్గర తుప్పు గీకి బిగించాం. ఉలుకూ లేదు, పలుకూ లేదు. చివరికి ఆటోనగర్ మెకానిక్ అన్న వంగి, స్పానర్‌తో మోటరు మీద చిన్నగా ఒక్కటేశాడు. టక్కున లేచారు! "మోటరుకు కరెంటు అందించే బ్రష్షులన్న అరిగినయ్, లేకుంటే లోపల కాంటాక్టు ప్లేటుకు మసి వట్టింది. ఇది దెబ్బకే ఇంటది సార్" అన్నాడు.

తమరి మోటరు ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతుంది. సగం చుట్టుకు పైకి, మిగతా సగానికి కిందికి. ఎక్కడ ఆగాలో చెప్పేది ఆ ప్లేటే. ఎనుమాముల రోడ్డులో మిర్చి లారీల వెనక తిన్న దుమ్మంతా దాని మీదే పేరుకున్నట్టుంది. ఓ రాత్రి మడికొండ దాటాక తమరు ఆగకుండా లేస్తూ కూర్చుంటూ గుంజీలు తీసింది అందుకేనేమో. చేసిన తప్పులకే తీస్తున్నారని నేను కాస్త సంతోషించాను కూడా.

ప్రస్తుతానికి బానెట్ ఎత్తి, మోటరు మీది రబ్బరు టోపీ తీసి, నాబ్ చేత్తో తిప్పుతూ తమరిని లేపుతున్నాను. అదీ ఫ్యూజు పీకాకే. మధ్యలో తమరికి బుద్ధి పుడితే నలిగేవి నా వేళ్లు. భద్రకాళి గుళ్లో అమ్మవారి మేలుకొలుపుకు కూడా ఇంత తతంగం ఉండదు.

ఈ ఆదివారం మోటరు విప్పి, ప్లేటును సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, గ్రీజు పెట్టి బిగిస్తాం. అప్పటికీ మారకపోతే తమరిద్దరినీ పైకి లేపి, ఫ్యూజు పీకి, అలాగే ఉంచేస్తాను. కుడివైపు వారికి ఇది అన్యాయమే. వారికి విడిగా రాస్తాను.

ఇట్లు,
తమరిని రోజూ నిద్రలేపుతున్నవాడు